చిన్న కారు, పెద్ద పేరు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నది మన పెద్దల సామెత. ఈ కాలపు సంసారికి కారు కొని చూడు అను మూడవ మాటను కూడ దానికి చేర్చవలసియున్నది. మామూలు కారు కొనువారికి చిక్కు అంతగా లేదు. చేతిలోని సొమ్ము ఎంతో, ఇంటిలోని మనుష్యులు ఎందరో లెక్క చూచుకొన్నచో నిర్ణయము దానంతట అదే తేలును. మరి కొంత సొమ్ము కూడిన తరువాతనే అసలు చిక్కు వచ్చును. అప్పుడు దృష్టి పేరుమోసిన సంస్థలవైపు పోవును. బెంజి, బి. ఎం. డబ్ల్యు., ఆడి వంటివారు చేయు పెద్ద కార్లు అందవు. కాని ఆ సంస్థలే చేయు అన్నిటికన్న చిన్న కారు, కొంత అప్పు చేసినచో, అందునట్లే కనిపించును. అదే కారు మూడు నాలుగేండ్లు ఒకరు వాడినది ఇంకను చవుకగా దొరకును. కొత్తది కొనవలెనా? వాడినది కొనవలెనా? అసలు ఆ పేరుకొరకు అంత సొమ్ము పెట్టుట తగునా?

ఈ ప్రశ్నలు నిన్న మొన్న పుట్టినవి కావు. వీనికి ఇంచుమించు నూరేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినచో, అమ్మువాడు చెప్పు మాటలలో ఏది సారమో, ఏది పైపూతయో పోల్చుకొనుట మనకు సులభమగును. అందుచేత ఈ ప్రసంగములో మొదట ఆ కథనే చెప్పుకొందము.

పాత కారు అమ్మకము ఒక పెద్ద వ్యాపారముగా రూపొందినది అమెరికాలో. అక్కడ హెన్రీ ఫోర్డు 1908లో ‘మోడల్ టి’ అను కారును 850 డాలర్లకు అమ్మసాగెను. 1927లో దానిని మానివేయునాటికి కోటిన్నర కార్లు తయారయ్యెను. ఉత్పత్తి పెరిగినకొలది వెల తగ్గి, 1920ల నడుమ మూడువందల డాలర్ల లోపునకు దిగెను. సామాన్యునికి కారు అందవలెనన్న ఫోర్డు ఆశయము నెరవేరెను. కాని నెరవేరిన ఆశయమే కొత్త చిక్కును తెచ్చిపెట్టెను. కారు కొనగలవారిలో చాలమందికి అప్పటికే కారు ఉండెను. ఇక కొత్త కారు కొనువాడు మొదటిసారి కొనువాడు కాడు, పాతదానిని ఇచ్చి మార్చుకొనువాడు. ఈ మార్పును ఫోర్డుకంటె ముందు గ్రహించినవాడు, 1923లో జనరల్ మోటార్సు సంస్థకు అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్.

స్లోన్ తన సంస్థ కార్లను నిచ్చెన మెట్లవలె అమర్చెను. అడుగుమెట్టు షెవ్రొలే, పైమెట్టు కాడిలాక్, నడుమ మరికొన్ని. కొనువాని పాత కారును డీలరు వెలకట్టి తీసికొనును. తక్కువపడిన సొమ్మును వాయిదాలలో చెల్లింపవచ్చును. ఇందుకొరకు ఆ సంస్థ 1919లోనే ఒక రుణశాఖను నెలకొల్పియుండెను. ఏటేట కారు రూపమును కొంచెము కొంచెముగా మార్చుటచేత నిరుటి కారు ఈ ఏడు పాతదిగా కనబడసాగెను. ఇంజను అరుగకముందే కారు పాతబడుట అను వింత ఆ విధముగా బలపడెను. డీలర్ల ఆవరణలు పాత కార్లతో నిండెను. ఆ దశాబ్ది చివరకు వచ్చుసరికి అమెరికాలో కొత్త కార్లకంటె చేతులు మారు పాత కార్లే ఎక్కువయ్యెను. కొత్తదా, పాతదా అను ప్రశ్న సామాన్య గృహస్థుని ఇంటిలో అడుగు పెట్టినది అప్పుడే.

ఇక పెద్ద పేరుగల చిన్న కారు కథ. దాని పుట్టుకకు కారణము సాధారణముగా కష్టకాలమే. 1927లో కాడిలాక్‌వారు తమ పెద్ద కారు వెలను అందుకొనలేని వారికొరకు ‘లాసాల్’ అను తోబుట్టువును వెలువరించిరి. 1929 తరువాత ఆర్థికమాంద్యము ముంచుకొనిరాగా గొప్పవారి కార్లు కొనువారు కరవైరి. జర్మనీలో మెర్సిడెస్‌బెంజివారు 1931లో ‘170’ అను చిన్న కారును తెచ్చిరి. అది చిన్నదైనను నాలుగు చక్రములకును విడివిడిగా స్ప్రింగులు అమర్చినది. గతుకులో ఒక చక్రము పడినప్పుడు ఆ కుదుపు రెండవవైపునకు పాకకుండుట దాని విశేషము. ఆనాటి పెక్కు పెద్ద కార్లకు సైతము ఆ సౌకర్యము లేదు. పరిమాణములో తగ్గించి పనితనములో తగ్గింపకుండుట ఎట్లో అది చూపినది.

అమెరికాలో ధనవంతుల కార్లకు పేరుపడిన పాకర్డ్ సంస్థ 1935లో ‘120’ అను కారును వేయి డాలర్ల లోపు వెలతో తెచ్చెను. మొదటి ఏడే ఇంచుమించు ఇరువదియైదు వేల కార్లు తయారయ్యెను. మాంద్యములో ఎన్నో గొప్ప సంస్థలు కూలిపోగా పాకర్డ్‌ను నిలిపినది ఆ చవుక కారే. కాని దానికి మరొక ముఖము కూడ ఉన్నది. చవుక కారుతో పాకర్డ్ పేరు పలుచబడినదనియు, అందుచేతనే యుద్ధానంతరము కాడిలాక్ దానిని మించిపోయినదనియు వాదించువారు కలరు. 1958తో పాకర్డ్ పేరు కార్లనుండి మాయమయ్యెను. పేరును అప్పుగా వాడుకొన్న సంస్థ ఆ అప్పును పనితనముతో తీర్చుచుండవలెను; లేనిచో మూలధనమే హరించుకొనిపోవును.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ కథ మరల జర్మనీకి మరలును. మ్యూనిక్ నగరములోని బి. ఎం. డబ్ల్యు. సంస్థ నేడు ఐశ్వర్యమునకు గుర్తుగా కనబడుచున్నది గాని, 1950లలో దాని స్థితి దయనీయముగా ఉండెను. ఒక ప్రక్క అది ధనికులకొరకు ఎనిమిది సిలిండర్ల భారీ కార్లను చేయుచుండెను. వానిని కొనువారు కొద్దిమంది. మరొక ప్రక్క 1955 నుండి ‘ఇసెట్టా’ అను బుల్లి బండిని చేయుచుండెను. గ్రుడ్డు ఆకారము, ముందువైపున ఒకటే తలుపు, ఇరువురు కూర్చుండు చోటు — ఇదే దాని వైభవము. అది లక్షా అరువదివేలకు పైగా అమ్ముడయ్యెను గాని అందులో మిగులు తక్కువ. అటు రాజుగారి రథము, ఇటు పిల్లల బండి. నడుమ నున్న డాక్టరు, వకీలు, ఇంజనీరు కొనదగిన కారు ఆ సంస్థ దగ్గర లేకపోయెను.

1959 డిసెంబరు 9వ తేదీన మ్యూనిక్‌లో వాటాదార్ల సమావేశము జరిగెను. సంస్థను డైమ్లర్ బెంజివారికి అప్పగించు ప్రతిపాదన వారి ముందుకు వచ్చెను. పెద్ద బ్యాంకు బలము దాని వెనుక ఉండెను. చిన్న వాటాదార్లును, కార్లు అమ్ము డీలర్లును ఎదురు తిరిగిరి. ఫ్రీడ్రిక్ మాతెర్న్ అను న్యాయవాది వారి పక్షమున లేచి, ఒక కొత్త కారు రూపకల్పనకైన ఖర్చునంతటిని ఒకే ఏటి పద్దులో వ్రాసి నష్టమును పెద్దదిగా చూపిరని ఎత్తిచూపెను. సమావేశము వాయిదాపడెను, ప్రతిపాదన వీగిపోయెను. అటుపై పెద్ద వాటాదారైన హెర్బర్ట్ క్వాంట్ తన సొమ్మును మరింత పెట్టి సంస్థను నిలువబెట్టెను.

ఆ సొమ్ముతో వారు చేసినది నడిమి తరగతి కారు. 1961లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో ‘1500’ అను కారు వెలుగు చూచెను. నాలుగు తలుపులు, ఒకటిన్నర లీటరు ఇంజను. చూపునకు సాదా, నడుపువాని చేతికి మాత్రము చురుకు. 1966లో దానికంటె చిన్నదైన రెండు తలుపుల కారు వచ్చెను. అందులోనే రెండు లీటర్ల ఇంజను పెట్టి, అమెరికా దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ ప్రోద్బలముతో 1968లో ‘2002’ అను పేరున ఆ దేశమునకు పంపిరి. చిన్న కారనగా పేదవాని కారని తలచు అమెరికనులు, చిన్నదైనందున హాయిగా నడచు ఖరీదైన కారును చూచి ఆశ్చర్యపడిరి. 1975లో వచ్చిన ‘3 సిరీస్’ ఆ కారుకే వారసురాలు. ఈనాడు మనము చిన్న విలాసపు కారని పిలుచు తరగతికి కొలబద్దగా నిలిచినది అదియే.

మెర్సిడెస్‌వారు ఈ తరగతిలోనికి వచ్చుటకు ఆలస్యము చేసిరి. 1973, 1979 సంవత్సరముల చమురు సంక్షోభములును, ఇంధనపు ఖర్చును తగ్గింపవలెనని అమెరికా ప్రభుత్వము పెట్టిన శాసనమును వారిని కదిలించెను. 1982 డిసెంబరులో వెలువడిన ‘190’ అను కారు వారి పెద్ద కార్లకంటె చాల చిన్నది. వెనుక సీటు ఇరుకని సణిగినవారు లేకపోలేదు. అయితే వెనుక చక్రములు ఒక్కొక్కదానిని ఐదేసి కడ్డీలతో పట్టి ఉంచు కొత్త అమరికను వారు ముందుగా ఆ చిన్న కారుకే ఇచ్చిరి. మలుపులో చక్రము తన పట్టును వదలకుండ నిలుచుట దాని ఫలము. ఆ అమరిక తరువాత వారి పెద్ద కార్లకు ఎక్కినది. 1993 వరకు పద్దెనిమిది లక్షలకు పైగా ఆ కార్లు తయారయ్యెను.

సరిగా అదే కాలమున అమెరికాలో ఇందుకు విరుద్ధమైన ప్రయోగము జరిగెను. 1981లో కాడిలాక్‌వారు ‘సిమరాన్’ అను చిన్న కారును అంగడికెక్కించిరి. దాని చట్రము, దేహము, ఇంజను తమ మాతృసంస్థవారి చవుక కారైన షెవ్రొలే కావలియరువే. పైన తోలు సీట్లు, కాడిలాక్ ముద్ర చేర్చి పన్నెండువేల డాలర్లకు పైగా వెల కట్టిరి. జనము మోసపోలేదు. ఒక సంస్థ అంగడిలో చవుకగా దొరకు కారే ప్రక్క అంగడిలో వేరు ముద్రతో నిలిచినదని కొద్దికాలమునకే తెలిసికొనిరి. 1988లో సిమరాన్ కథ ముగిసెను. ఆ మచ్చ మాత్రము కాడిలాక్ పేరునుండి ఏండ్ల తరబడి పోలేదు. అల్పమైన వస్తువునకు పెద్ద పేరు తగిలింపబడినదా, లేక పెద్ద సంస్థ పనితనము చిన్న వస్తువులోనికి దిగినదా? ఈ తరగతి కారు కొనువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే.

మంచి పనివారికి సైతము మొదటి ప్రయత్నములో పొరపాటు కలుగవచ్చును. 1997లో మెర్సిడెస్‌వారు ‘ఎ క్లాస్’ అను మరింత చిన్న కారును తెచ్చిరి. కొద్ది నాళ్లకే స్వీడన్‌లో ఒక మోటారు పత్రికవారు, దారికడ్డముగా దుప్పి వచ్చినచో కారును చటుక్కున ప్రక్కకు త్రిప్పునట్టి పరీక్ష చేయగా అది పల్టీకొట్టెను. ప్రపంచమంతట నవ్వులపాలైనను, సంస్థవారు పంపిణీ నిలిపి, బండి జారకుండ ఒక్కొక్క చక్రమునకు తగినంత బ్రేకు వేయు ఎలక్ట్రానిక్ సాధనమును ప్రతి కారులోను చేర్చి, అమ్మిన కార్లను కూడ సరిచేసిరి. అంతకుముందు ఖరీదైన కార్లకే పరిమితమైన ఆ సాధనము చిన్న కార్లకు అలవాటగుటకు ఈ అవమానము తోడ్పడెను. కొత్త నమూనా వచ్చిన మొదటి ఏడే తొందరపడి కొనరాదను మాటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

పాత కార్ల అంగడిలోని చిక్కు వేరు. 1970లో అమెరికా ఆర్థికవేత్త జార్జి ఆకెర్లాఫ్ ఒక వ్యాసములో దానిని విడమరచి చెప్పెను. పాత కారు గుణము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. మంచిదో చెడ్డదో తెలియనివాడు నడిమి వెలకే బేరమాడును. ఆ వెలకు మంచి కారు గలవాడు అమ్మ నిరాకరించును, చెడ్డ కారు గలవాడు సంతోషముగా అమ్మును. అందుచేత అంగడిలో చెడ్డవే మిగులును. ఈ సిద్ధాంతము మొదలుగా చేసిన కృషికి ఆయన 2001లో మరి ఇరువురితో కలసి నోబెల్ బహుమతి పొందెను. మన సంతలలో పశువులు కొను రైతు పండ్లు చూచి, నడిపించి, ఊరివారిని విచారించి గాని సొమ్ము విప్పడు. ఆయన కనుగొన్న సత్యము ఆ రైతుకు తెలిసినదే.

ఈ చిక్కును విప్పినది పూచీ. 1980ల చివరనుండి అమెరికాలో విలాసపు కార్లను రెండు మూడేండ్లకు అద్దె ఒప్పందము మీద తీసికొను ఆచారము పెరిగెను. గడువు తీరిన కార్లు గుంపులుగా సంస్థలకు తిరిగివచ్చుచుండెను. వానిని గాలికి వదలినచో కొత్త కార్ల వెల కూడ పడిపోవును. అందుచేత 1989లో ప్రారంభమైన లెక్సస్ వంటి సంస్థలు, తర్వాతి దశాబ్దిలో తిరిగివచ్చిన కార్లను తామే పరీక్షించి, మరమ్మతు చేసి, మరల వారంటీ ఇచ్చి అమ్ము పద్ధతిని వ్యాపింపజేసిరి. పాత కారుకు సంస్థ సంతకము దొరికెను. ఆ సంతకమునకు కొంత అధికవెల చెల్లింపవలసియున్నను, అది అనిశ్చయము నుండి విడుదల పొందుటకు ఇచ్చు వెలయే.

ఇక మన దేశపు సంగతి. ఇక్కడ చాలకాలము ఈ లెక్క తలక్రిందులుగా నడచెను. లైసెన్సుల కాలములో అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు — ఈ మూడే మనకు దక్కిన కార్లు. కొత్తదానికి పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి కాచుకొనవలసి వచ్చెడిది. అందుచేత వెంటనే చేతికందు పాత కారుకు ఒక్కొక్కప్పుడు కొత్తదానికంటె ఎక్కువ వెల పలికెడిది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత గాని, 1991 తరువాతి సంస్కరణలు జరిగిన తరువాత గాని ఈ కొరత తీరలేదు. 1995లో పూనాలో బెంజి కార్ల కూర్పు మొదలయ్యెను. 2007లో బి. ఎం. డబ్ల్యు. చెన్నైలోను, ఆడి ఔరంగాబాదులోను కార్లను కూర్ప నారంభించెను. 2012, 2014 సంవత్సరముల నడుమ ఈ మూడు సంస్థల చిన్న కార్లును మన అంగళ్లకు వచ్చెను. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వాసులకు కూడ పెద్ద పేరుగల చిన్న కారు అప్పుడు చేరువయ్యెను.

కాని కొరత కాలపు తలపు మన ఇండ్లలో ఇంకను మిగిలియున్నది. ఫియట్ కారును పదేండ్లు వాడి కొన్నవెలకే అమ్మిన పెదనాన్నగారి కథ ఏ కుటుంబములోనో వినబడుచునే ఉండును. కారు కూడ స్థలమువలె, బంగారమువలె ఒక ఆస్తియని ఆ కథ మనకు నేర్పినది. ఆ కాలము గడచిపోయినది. ఈనాటి కారు కరగిపోవు మంచుగడ్డ వంటిది. మన దేశపు మోటారు బీమా టారిఫులోని తరుగు పట్టికను చూచిన ఈ సంగతి తేటపడును. ఆరునెలల లోపు వెలలో నూటికి 5, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50 వంతున తరుగు తీసివేయుదురు. అనగా నలువది లక్షల కారు మూడేండ్లు నిండకముందు ఇరువదియెనిమిది లక్షలకును, ఐదేండ్లు నిండకముందు ఇరువది లక్షలకును దిగును. అంగడిలో విలాసపు కారు వెల ఇంతకంటెను వేగముగా పడిపోవుట కలదు. రోడ్డు పన్ను, అప్పు మీది వడ్డీ ఈ లెక్కలో చేరలేదు.

ఇది చూచినవారు వాడిన కారే మేలని వెంటనే తీర్మానింపవచ్చును. ఇక్కడ ఒక మెలిక కలదు. కారు వెల తరుగును గాని దాని విడిభాగముల వెల తరుగదు. పదునైదు లక్షలకు కొన్న పాత కారుకు గేరుపెట్టె పాడైనచో, నలువది లక్షల కారుకు కావలసిన గేరుపెట్టెయే కొనవలెను. ఆ సాధనమును మరమ్మతు చేయగల మెకానిక్కు మన వీధి చివర ఉండడు. మొదటి కొనుగోలుదారు తరుగును భరించెను. రెండవవాడు మరమ్మతును భరించును. ఈ రెండు భారములలో ఏది మోయగలమో తెలిసికొనుటయే అసలు నిర్ణయము.

కావున మేము చెప్పదగిన మాటలు కొన్ని. కారును పదేండ్లు తామే వాడదలచినవారికిని, నెలనెల వాయిదా నిశ్చింతగా చెల్లింపగలవారికిని కొత్త కారు తగును. తరుగు ఎక్కువ సంవత్సరముల మీద పంచబడును, వారంటీ మొదటినుండి తోడుండును. అయితే నమూనా వచ్చి ఏడాదియైన గడచియుండవలెను. ఆ కారు చట్రము, ఇంజను అదే కూటమివారి చవుక కారువేనా, సంస్థ సొంతముగా అందులో చేసిన పని యేమి అని విచారింపవలెను. నాలుగైదేండ్లకే మార్చువారు మొదటి తరుగును నెత్తిన వేసికొనుటలో అర్థము లేదు. వారికి మూడు నాలుగేండ్ల కారు మేలు. అది ఒకే యజమాని చేతిలో నడచినదై, సర్వీసు లెక్కలు పూర్తిగా ఉండి, వారంటీ మిగిలియున్నదో సంస్థ పూచీ పొందినదో అయియుండవలెను. కారు వెలలో నూటికి పది వంతులైనను మరమ్మతులకొరకు విడిగా దాచుకొనగలవారే దానికి పూనుకొనవలెను.

పత్రముల సంగతి మరువరాదు. రిజిస్ట్రేషను పత్రము మీద రుణసంస్థ పేరు మిగిలియున్నచో అది తొలగింపబడిన తరువాతనే సొమ్ము ముట్టజెప్పవలెను. పొరుగు రాష్ట్రపు కారు చవుకగా కనబడినను, అక్కడి రవాణాశాఖ నిరభ్యంతర పత్రమును, ఇక్కడ కట్టవలసిన జీవితకాలపు పన్నును లెక్కలో చేర్చుకొనవలెను. బీమా సంస్థనుండి ఇదివరకు ఎంత పరిహారము తీసికొన్నారో విచారింపవలెను. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలలో ఎన్నో కార్లు నీట మునిగినవి. అట్టివి కడిగి, తుడిచి, దూరపు ఊళ్లలో అమ్మకమునకు వచ్చుట కలదు. నేలమీది తివాచీ ఎత్తి తుప్పు, బురద, చెమ్మవాసన ఉన్నవేమో చూచుట, అమ్మువానికి సంబంధములేని మెకానిక్కుచేత పరీక్షింపజేయుట తప్పనిసరి. కొన్ని వేల రూపాయల ఆ ఖర్చు కొన్ని లక్షలను కాపాడును.

ఇట్టి విచారణకు సిద్ధపడనివారికి మూడవ మార్గము ఒకటి కలదు. అదే సొమ్ములో సగము పెట్టి మామూలు సంస్థవారి మంచి కారును కొత్తదే కొనవచ్చును. అది అవమానము కాదు. ఒకప్పుడు విలాసపు కార్లకే పరిమితమైన సాధనములు ఈనాడు సామాన్యుల కార్లలోనికి దిగివచ్చినవి. మిగిలిన సొమ్ము పిల్లల చదువునకో, ఇంటి అప్పునకో వెళ్లినచో, సంసారమునకు ఆ కారు చేసిన మేలు ఏ ముద్రయు చేయలేదు.